షడ్డకుడి మీద లియన్ వేయొచ్చా?

2025 జూన్ మొదటి వారంలో టెక్సాస్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మామూలుగా ఉత్తరాలకు వచ్చిన వరసలోనే సమాధానం రాస్తాను. ఇందులో తేదీల గొడవ ఉంది కాబట్టి దీన్ని ముందుకు జరిపాను.

రాసినాయనది భీమవరం దగ్గర పల్లె. డాలస్‌కి ఉత్తరాన, కాలిన్ కౌంటీలో ఉంటున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక 2021లో చిన్న ఎల్ఎల్‌సీ (సొంత కంపెనీ) పెట్టి టైల్స్, ఫ్లోరింగ్ పనులు మొదలుపెట్టారు. ఇద్దరు పనివాళ్లు, ఒక వ్యాను. ఆయన భార్యకి పిన్ని కూతురు ఒకావిడ ఆ ఊళ్లోనే ఉంటారు. ఆవిడ భర్త జనరల్ కాంట్రాక్టర్, అంటే ఓనర్ దగ్గర మొత్తం పని ఒప్పుకుని చేయించేవారు. వరసకి షడ్డకుడు, వయసులో పెద్ద, అందుకని ‘అన్నయ్యా’ అని పిలుస్తారు. వ్యాపారం పెట్టిన కొత్తలో మొదటి పని ఇచ్చింది ఈ అన్నయ్యే.

2025లో ఆయన కింద సబ్ కాంట్రాక్టరుగా రెండు పనులు చేశారు. ఫిబ్రవరిలో ఒక డాక్టర్ దంపతుల ఇంట్లో బాత్‌రూములు, వంటిల్లు. దానికి 6,800 డాలర్లు రావాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక తెలుగాయన కట్టిస్తున్న ఫంక్షన్ హాలులో నేల మొత్తం. మార్చి బిల్లు 17,900, ఏప్రిల్ బిల్లు 13,500. అన్నీ కలిపి 38,200 డాలర్లు. ఒక్క డాలరూ రాలేదు. అడిగితే అన్నయ్య ‘ఓనర్ ఇంకా ఇవ్వలేదురా’ అంటున్నారు. గుళ్లో కనబడిన హాలు ఓనరేమో ‘ఎనభై శాతం ఎప్పుడో ఇచ్చేశాను, మిగతాది సిటీ ఇన్‌స్పెక్షన్ అయ్యాక’ అన్నారట. టైల్స్ షాపులో 11,300 బాకీ. పనివాళ్ల కూలి క్రెడిట్ కార్డు మీద తీసి ఇచ్చారు.

తోటి కాంట్రాక్టర్ ఒకాయన ‘హాలు మీద లియన్ వెయ్యి, ఓనరే పరిగెత్తుకొస్తాడు’ అన్నారు. లియన్ అంటే చేసిన పని బాకీకి ఆ ఆస్తి మీదే రాసుకునే హక్కు. భార్యేమో ‘అక్కాబావల మీద కేసంటే మా అమ్మకి మొహం ఎలా చూపించను’ అని ఏడుస్తున్నారు. ఆగస్టులో వాళ్ల అమ్మాయి ఓణీల ఫంక్షన్. దానికి బుక్ చేసింది కూడా ఆ హాలే! 2,000 డాలర్లు అడ్వాన్సు కట్టేశారు. సిటిజన్‌షిప్ అప్లికేషన్ నడుస్తోంది, కేసు వేస్తే అది చెడుతుందేమోనని ఇంకో టెన్షన్. మే నెలలో అన్నయ్య ‘బ్యాంకు అడుగుతోంది’ అని ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, అదేమిటో గుర్తు లేదు. ‘38,200కి హాలు మీద లియన్ వేసెయ్యమంటారా, బంధుత్వం కోసం ఊరుకోమంటారా? అన్నయ్య మీద లియన్ వెయ్యాలంటే చెయ్యి రావడం లేదు’ అని ముగించారు.

మీ ఉత్తరంలో ఆ చివరి వాక్యం దగ్గరే ఆగిపోయాను. లియన్ అన్నయ్య మీద పడదండీ, హాలు మీద పడుతుంది. మీతో ఏ తగాదా లేని, గుళ్లో మిమ్మల్ని పలకరించిన ఆ ఓనర్ ఆస్తి మీద. మీరూ మీ భార్యా ఇన్నాళ్లుగా ఇంట్లో పోట్లాడుకుంటున్నది అక్కాబావల గురించి. కాగితం ముందు వెళ్లి తగిలేది మూడో మనిషికి. ఇది తెలిశాక మీ ప్రశ్నే మారిపోతుంది.

నేను లాయర్ని కాను. ప్లేనోలో ఒక కన్‌స్ట్రక్షన్ ఆఫీసులో పద్దెనిమిదేళ్లు బిల్లులూ నోటీసులూ చూసినదాన్ని. ఆ అనుభవంతో చెప్పేది చెబుతాను, కాగితం మీద సంతకం పెట్టేముందు అక్కడి కన్‌స్ట్రక్షన్ లాయర్‌కి ఒక గంట ఫీజు ఇచ్చి చూపించుకోండి. 38,200 కోసం ఆ గంట ఖర్చు పెద్దది కాదు.

లియన్ అంటే ఏదో దొంగదెబ్బ అన్నట్టు రాశారు. మన ఊళ్లలో కాంట్రాక్టర్‌కి డబ్బు ఎగ్గొడితే మేస్త్రీలను వెంటేసుకుని ఆ ఇంటి అరుగు మీద కూర్చోవడమో, పెద్దమనుషుల్ని పిలవడమో, సివిల్ కోర్టుకి వెళ్లి ఏళ్ల తరబడి తిరగడమో తప్ప కట్టిన భవనం మీదే హక్కు రాసుకునే దారి లేదు. మా నాన్న ప్రభుత్వ కాంట్రాక్టులు చేసేవారు, బిల్లు కోసం ఎదురుచూపంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. అమెరికాలో ఈ చట్టం మొదట 1791లో మేరీల్యాండ్‌లో వచ్చింది, వాషింగ్టన్ నగరం కట్టే రోజుల్లో, పనివాళ్లూ సరుకు ఇచ్చేవాళ్లూ ధైర్యంగా ముందుకు రావాలని. టెక్సాస్‌లో అయితే 1876 నాటి రాజ్యాంగంలోనే ఉంది. నేల వేసినవాడికి ఆ నేల మీద హక్కు ఉండటం అక్కడ సిగ్గుపడే విషయం కాదు.

ఇప్పుడు మీ లెక్క విడదీద్దాం. మీరు 38,200 అని ఒకే అంకె రాసుకున్నారు. బాకీ పడ్డ మనిషి ఒకరే కాబట్టి మీకు అలా కనబడుతోంది. చట్టం మనిషిని బట్టి చూడదు, స్థలాన్ని బట్టి చూస్తుంది. డాక్టర్ గారి ఇంటి బాకీని హాలు మీద వేయడం కుదరదు. తెలిసి తెలిసి అలా వేస్తే అది తప్పుడు లియన్ కిందికి రావచ్చు, టెక్సాస్‌లో దానికి కనీసం 10,000 డాలర్ల నష్టపరిహారం కట్టాల్సి వస్తుంది. లియన్ కోసం ఇచ్చే అఫిడవిట్‌లో మీరు ప్రమాణం చేసి రాస్తారు, నోటరీ ముందు సంతకం పెడతారు. అందులో రాయాల్సింది హాలు బిల్లులు రెండూ కలిపి 31,400 వరకే. వడ్డీ, ఫోన్లు చేసి పడ్డ అవమానం, భార్య కన్నీళ్లు ఏవీ అందులో కలపకండి. సిటిజన్‌షిప్ గురించి మీ భయం కూడా ఇక్కడే తీరుతుంది. రావాల్సిన డబ్బుకి నిజం రాసి లియన్ వేయడం నేరం కాదు, దానివల్ల అప్లికేషన్ చెడదు. అబద్ధం మీద ప్రమాణం చేయడం మాత్రం వేరే సంగతి.

డాక్టర్ గారి ఇంటి సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే అక్కడ లియన్ దారి మూసుకుపోయింది. లియన్ వేయాలంటే సబ్ కాంట్రాక్టర్ ముందు తన బాకీ గురించి నోటీసు పంపాలి. ఇళ్ల పనుల్లో ఆ నోటీసు, పని చేసిన నెల తర్వాత రెండో నెల 15వ తేదీలోపు పంపాలి. ఫిబ్రవరి పనికి ఏప్రిల్ 15. అది దాటిపోయింది. దాటకపోయినా కష్టమే. వాళ్లు ఉంటున్న సొంత ఇల్లు అయితే దాన్ని హోమ్‌స్టెడ్ అంటారు. దాని మీద లియన్ పడాలంటే పని మొదలవకముందే కాంట్రాక్టు రాతపూర్వకంగా ఉండాలి, భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టాలి, కౌంటీలో రికార్డు కావాలి. మన వాళ్ల మధ్య నడిచే పనుల్లో ఇది ఎంతమంది చేస్తారో మీకే తెలుసు. ఆ 6,800 డాలర్లు మాత్రం పోలేదు. అది మీకూ అన్నయ్యకూ మధ్య మాట. 20,000 డాలర్ల లోపు వ్యాజ్యాలు అక్కడ జస్టిస్ కోర్టులో వేసుకోవచ్చు, కాంట్రాక్టు బాకీకి నాలుగేళ్ల గడువు ఉంటుంది. అంటే దానికి తొందర లేదు. డాక్టర్ దంపతులను ఇందులోకి లాగకండి.

తొందర అంతా హాలు దగ్గరే. అది వాణిజ్య భవనం కాబట్టి సబ్ కాంట్రాక్టర్ నోటీసుకి గడువు మూడో నెల 15వ తేదీ. మార్చిలో చేసిన పనికి జూన్ 15, ఏప్రిల్‌లో చేసిన పనికి జులై 15. ఈసారి జూన్ 15 ఆదివారం. ఆదివారం పడితే తర్వాతి పనిరోజుకి జరుగుతుందని చట్టంలో ఉంది, అంటే 16 సోమవారం. ఆ ఒక్క రోజు మీద ఆశ పెట్టుకోకుండా ఈ వారమే పంపండి. పంపకపోతే మార్చి నెల 17,900కి లియన్ హక్కు పోతుంది, ఏప్రిల్ 13,500కి మిగులుతుంది. బిల్లులో పది శాతం అట్టిపెట్టుకునే రిటైనేజ్ ఒప్పందం ఉంటే దానికి వేరే నోటీసు, వేరే గడువు. లాయర్ దగ్గరికి వెళ్లినప్పుడు అది మరిచిపోకుండా అడగండి.

ఈ నోటీసు లియన్ కాదు. దీన్ని కౌంటీలో రికార్డు చేయరు, ఊరికి తెలియదు. ఓనర్‌కీ జనరల్ కాంట్రాక్టర్‌కీ మాత్రమే వెళ్తుంది. రాయడానికి చట్టంలోనే ఒక నమూనా ఉంది. ఏ స్థలం, ఏ పని, ఏ నెల, ఎంత బాకీ, ఎవరు పని ఇచ్చారు అన్నవి నింపడమే. సర్టిఫైడ్ మెయిల్‌లోనో, ట్రాకింగ్ ఉన్న కొరియర్‌లోనో పంపి రసీదు దాచుకోండి. వాట్సాప్‌లో ఫోటో పెట్టి రెండు నీలం టిక్కులు పడ్డాయని సంబరపడితే చెల్లదు.

మరి దీనివల్ల ఏమవుతుంది? నోటీసు అందిన క్షణం నుంచి అన్నయ్యకి ఇంకా ఇవ్వాల్సిన డబ్బులో మీ 31,400ని ఓనర్ ఆపి ఉంచుకోవచ్చు. ఆపకుండా ఇచ్చేస్తే ఆ మేరకు ఆయనే మళ్లీ బాధ్యుడు కావాల్సి రావచ్చు. నోటీసు అందేలోపు అన్నయ్యకి మొత్తం ఇచ్చేసి ఉంటే మాత్రం మీకు చిక్కేది తక్కువ. పని పూర్తయ్యాక 30 రోజుల వరకు చట్టం ఓనర్ని పట్టి ఉంచమనే పది శాతం ఉంటుంది, అందులో మిగతా సబ్ కాంట్రాక్టర్లకూ వాటా ఉంటుంది. అందుకే ‘మిగతా ఇరవై శాతం ఇన్‌స్పెక్షన్ అయ్యాక’ అని ఓనర్ అన్న మాట మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది. ఆ డబ్బు ఇంకా ఓనర్ దగ్గరే ఉంది. ఇన్‌స్పెక్షన్ ఏ వారంలో అయిపోతుందో మీకు తెలియదు. అయిపోయి ఆ చెక్కు అన్నయ్య ఖాతాలో పడిందంటే మీ నోటీసులో సగం బలం పోతుంది.

ఇంతకీ ఆ హాలు ఓనర్ నిజంగా ఓనరేనా? షాపింగ్ సెంటర్లో లీజుకి తీసుకుని లోపల కట్టించుకుంటుంటే మీ లియన్ ఆయన లీజు హక్కు వరకే పడుతుంది, భవనం మీద పడదు. ఆ లీజు పోతే మీదీ పోతుంది. కాలిన్ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (ఆస్తుల విలువ కట్టే ఆఫీసు) వెబ్‌సైట్లో అడ్రస్ కొట్టి ఆస్తి ఎవరి పేరు మీద ఉందో చూడండి. చాలాసార్లు మనిషి పేరు ఉండదు, ఏదో ఎల్ఎల్‌సీ పేరు ఉంటుంది. నోటీసు ఆ పేరుకే వెళ్లాలి. గుళ్లో పరిచయమైన పేరుకి పంపి, గడువు దాటాక తెలుసుకున్నవాళ్లను చూశాను.

దీనికంటే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. మే నెలలో మీరు సంతకం పెట్టిన ఆ కాగితం వెతకండి. అది చాలావరకు లియన్ వేవర్ అయి ఉంటుంది, అంటే హక్కు వదులుకుంటున్నట్టు రాసిచ్చేది. అందులో రెండు రకాలు. షరతుతో రాసిచ్చినదైతే చెక్కు వచ్చి బ్యాంకులో పడితేనే అమల్లోకి వస్తుంది, మీకు చెక్కే రాలేదు కాబట్టి భయం లేదు. షరతు లేనిదైతే ‘డబ్బు ముట్టింది, హక్కు వదులుకున్నాను’ అని రాసిచ్చినట్టు. డబ్బు ఇవ్వకుండా ఈ రెండో రకం మీద సంతకం అడగకూడదని టెక్సాస్ చట్టం చెబుతుంది, ఆ ఫారం పైనే ఆ హెచ్చరిక ఉంటుంది. అయినా సంతకం పెట్టేసి ఉంటే దాన్ని లాయర్ చూడకుండా మీరు ఏ అడుగూ వేయొద్దు. మీ దగ్గర కాపీ లేకపోతే అన్నయ్యని మామూలుగానే అడగండి, ‘మా సీపీఏ అడుగుతున్నారు’ అంటే పంపిస్తారు. సీపీఏకి, అంటే మీ లెక్కలు చూసే అకౌంటెంటుకి, ఎలాగూ ఇవ్వండి, అబద్ధం కాకుండా ఉంటుంది.

ఇక మీ ముందున్న దారులు.

ఊరుకోవచ్చు. నేనిది వెటకారానికి అనడం లేదు. మొదటి పని ఇచ్చిన మనిషి, ఆ రుణం ఇలా తీరిందనుకుని వదిలేసేవాళ్లూ ఉన్నారు. అలా వదలాలంటే మీ ఇద్దరికీ అది వదిలేసినట్టు తెలిసి ఉండాలి. ‘ఇస్తాడులే’ అని ఊరుకుంటే అది వదిలేయడం కాదు, ప్రతి పండగకీ వాళ్లింట్లో భోజనం చేస్తూ మనసులో లెక్క వేసుకోవడం. పైగా టైల్స్ షాపు వాళ్లకి మీ బంధుత్వంతో పని లేదు. మీకు సరుకిచ్చిన వాళ్లకి కూడా ఆ హాలు మీద లియన్ హక్కు ఉంటుంది. మీరు మర్యాదకి ఆగితే రేపు వాళ్ల నోటీసు వెళ్లొచ్చు, అందులో మీ కంపెనీ పేరు బాకీదారుగా ఉంటుంది. ఆ 11,300 ఎక్కడి నుంచి తెస్తారో చెప్పుకోగలిగితేనే ఊరుకునే సంగతి ఆలోచించండి.

నోటీసు పంపి ఆగవచ్చు. నా మొగ్గు ఇటే ఉంది, దాచను. పోస్టు చేసే రోజు అన్నయ్యకి మీరే ఫోన్ చేసి చెప్పండి. ‘అన్నయ్యా, 15వ తేదీ దాటితే నా హక్కు పోతుంది, అందుకని కాగితం పంపుతున్నాను. మీరూ నేనూ మాట్లాడుకుందాం, అది వేరే’ అనండి. ఓనర్‌కి కూడా ఒక మాట. తర్వాత ఓనర్ ముందు ఒక ప్రతిపాదన పెట్టొచ్చు. మిగిలిన డబ్బులో మీ వాటాకి జాయింట్ చెక్కు, అంటే అన్నయ్య పేరూ మీ పేరూ రెండూ ఉన్న చెక్కు రాయమనడం. ఇద్దరూ సంతకం పెడితేనే అది మారుతుంది. ఓనర్‌కి రెండోసారి కట్టే భయం పోతుంది, అన్నయ్యకి పరువు నిలుస్తుంది, మీకు డబ్బు వస్తుంది. నేను చూసిన గొడవల్లో చాలా వరకు ఇక్కడే సర్దుకున్నాయి. అన్నయ్యకి కోపం రాదని మాత్రం హామీ ఇవ్వలేను. రెండు వారాలు మాట్లాడరు, మీ వదిన మీ ఆవిడకి ఫోన్ చేసి ఏడుస్తుంది. దానికి సిద్ధపడండి.

డబ్బు రాకపోతే లియన్ అఫిడవిట్. మీరు చివరిగా పని చేసింది ఏప్రిల్‌లో కాబట్టి నాలుగో నెల 15, అంటే ఆగస్టు 15 లోపు కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డు చేయాలి. ఆ తేదీ మనవాళ్లు మర్చిపోయే తేదీ కాదు కదా! రికార్డు చేసిన ఐదు రోజుల్లో ఓనర్‌కీ, అన్నయ్యకీ కాపీ పంపాలి. దీంతో విషయం పబ్లిక్ అవుతుంది. ఓనర్ బ్యాంకు లోను మార్చుకోవాలన్నా, అమ్ముకోవాలన్నా మీ కాగితం అడ్డొస్తుంది. ఆయన బాండ్ (ఆ బాకీకి హామీ పత్రం) పెట్టి లియన్ తీయించుకోవచ్చు, అప్పుడు మీ హక్కు ఆ బాండ్ మీదకి మారుతుంది, మీరేం నష్టపోరు. ఓనర్ తరఫున దీన్ని ఎదుర్కొనే ఖర్చు అన్నయ్యే పెట్టుకోవాలి. అప్పటికీ తేలకపోతే దావా వేయాలి, దానికి ఆ ఆగస్టు 15 నుంచి ఒక ఏడాది. వేయకపోతే లియన్ చచ్చిపోతుంది. డబ్బు ముట్టాక ఓనర్ రాతపూర్వకంగా అడిగితే పది రోజుల్లో విడుదల కాగితం ఇవ్వడం మీ బాధ్యత, అది మాత్రం సాగదీయకండి.

భవనాన్ని వదిలేసి నేరుగా అన్నయ్యనే అడిగే దారి కూడా ఉంది. ఓనర్ ఇచ్చిన డబ్బు జనరల్ కాంట్రాక్టర్‌కి అందిన ఏడు రోజుల్లో సబ్ కాంట్రాక్టర్ వాటా ఇచ్చెయ్యాలి, లేకపోతే నెలకి ఒకటిన్నర శాతం వడ్డీ. అంతకంటే గట్టిది ఇంకొకటి. ఆ పని కోసం వచ్చిన డబ్బు టెక్సాస్‌లో ట్రస్టు సొమ్ము, మీలాంటి వాళ్ల కోసం ఆయన చేతిలో ఉన్నది. దాన్ని మోసపు ఉద్దేశంతో దారి మళ్లిస్తే నేరం కూడా. ఆయన దొంగ అని నేననడం లేదు. ఈ పనిలో వచ్చింది తీసి ఆ పనికి సర్దడం ఈ వృత్తిలో ఉన్న పాత జబ్బు, మంచివాళ్లకీ అంటుకుంటుంది. ఈ మాట కోపంలో వాట్సాప్‌లో ‘జైల్లో పెట్టిస్తా’ అని బెదిరించడానికి వాడారో, అది తిరిగి మీ మెడకే చుట్టుకోవచ్చు. లాయర్ ఉత్తరంలో చెప్పాల్సిన తీరులో చెప్పనివ్వండి. ఇదే నియమం మీకూ వర్తిస్తుందని కూడా గుర్తుపెట్టుకోండి. ఈ పని తాలూకు చెక్కు వచ్చిన రోజు ముందు టైల్స్ షాపు, మిగతా పనివాళ్ల కూలి, తర్వాతే మీ క్రెడిట్ కార్డు, ఓణీల ఫంక్షన్.

మీ భార్యతో ఒకసారి కూర్చుని ఈ లెక్క చూపించండి. ఆవిడ ‘అక్క మీద కేసు’ అనుకుంటున్నారు. నోటీసు ఎవరికి వెళ్తుంది, ఏ డబ్బుని ఆపుతుంది, పంపకపోతే ఏం పోతుంది అన్నవి ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు. తోటి కాంట్రాక్టర్ మాట మీరొక్కరే విన్నారు, పిన్నిగారి మాట ఆవిడొక్కరే వింటున్నారు. ఆవిడే ముందు అక్కకి ఫోన్ చేస్తానంటే చెయ్యనివ్వండి, నోటీసు పోస్టులో పడ్డాక. ముందే చేస్తే ‘ఒక్క వారం ఆగు’ అంటారు, ఆ వారంలోనే మార్చి నెల పోతుంది.

హాలు బుకింగ్ గురించి అడిగారు. రద్దు చేసుకోకండి. ‘నాకు రావాల్సిన దాంట్లో హాలు అద్దె తగ్గించుకుంటాను’ అని ఓనర్‌తో అనకండి కూడా, ఆ రెండు లెక్కలు కలిస్తే మీ అఫిడవిట్‌లో అంకె తప్పవుతుంది. అడ్వాన్సు రసీదు వేరే ఫైల్లో పెట్టుకోండి. మిగతా అద్దె ఒప్పందం ప్రకారమే కట్టండి. శుభలేఖ ఇవ్వడానికి అన్నయ్య ఇంటికి మీరిద్దరూ కలిసే వెళ్లండి, జులై 15 అయ్యాక.